అప్పులవారి తగవు, నడిసముద్రపు బందీలు

మన దేశమునకు సొంత ఓడ లెందులకని ప్రశ్నించు పండితులు నానాటికి పెరుగుచున్నారు. వారి వాదము వినుటకు సొంపుగనే యుండును. సముద్రముపై ఓడలు కొల్లలుగా నున్నవి గదా, కిరాయి యెవరు తక్కువ చెప్పిన వారి ఓడలో సరకు వేయవచ్చును గదా, ఒక సంస్థ కూలిన మఱియొక సంస్థ లేచును గదా, ఓడమీద నే జెండా యెగిరిన నేమి, సరకు చేరిన చాలదా యందురు. ఈ వాదము చేయువారిలో తమ సరకును సముద్రమున చిక్కుపఱచుకొన్న వారెవరును కానరారు. చిక్కుపఱచుకొన్నవారి కథ యొకటి కలదు. అది 2016వ సంవత్సరమున కొరియా దేశపు హన్‌జిన్ నౌకాసంస్థ దివాలా తీసిన కథ. మానిన పుండును మరల రేపనేల యని కొంద రడుగవచ్చును. ఆ పుండు మానలేదు. ఆనాడు యజమానులును అప్పులవారును పాలకులును చేసిన తప్పునకు మూల్య మెవరు చెల్లించిరో మన పండితు లింతవరకు లెక్క వేయలేదు. కావున ఆ లెక్క మేము వేయబూనితిమి.

హన్‌జిన్ సామాన్యమైన సంస్థ కాదు. ఇనుపపెట్టెలలో, అనగా కంటెయినరులలో, సరకు మోయు నౌకాసంస్థలలో నది ప్రపంచమున ఏడవది, దక్షిణ కొరియాలో మొదటిది. దాని చేతిక్రింద నూరింటికి కొంచెము తక్కువగా కంటెయినరు ఓడ లుండెను. లోకమున నీ జాతి ఓడల కన్నింటికి గల మోతశక్తిలో నూటికి మూడు పాళ్లు దానిది. ఆసియానుండి అమెరికాకు పోవు దారిలోనైతే ఏడెనిమిది పాళ్లు. ఇట్టి సంస్థకు అప్పులిచ్చిన బ్యాంకులు, వానికి పెద్దయైన ప్రభుత్వపు కొరియా అభివృద్ధి బ్యాంకు, ఆ సంవత్సరము ఆగస్టు 30వ తేదీన ఇక పైక మీయజాలమని తేల్చి చెప్పినవి. మఱునాడు సంస్థ సియోలు కోర్టున రక్షణకై అర్జీ పెట్టుకొనెను.

ఆనాటికి దాని ఓడలపై నున్న సరకు విలువ సుమారు 1,400 కోట్ల డాలర్లని వార్తలు వచ్చినవి. పెట్టెల సంఖ్య అయిదు లక్షల ప్రాంతము. ఆ పెట్టెలు పసిఫికు మహాసముద్రమునను, హిందూ మహాసముద్రమునను, అట్లాంటికునను, రేవుల గుమ్మములయందును ఉన్నచోట నున్నట్లు నిలిచిపోయినవి. రేవులవారు ఓడలను లోనికి రానీయలేదు. ఏల రానిత్తురు? రేవుసుంకము, దారి చూపు పైలటు వేతనము, ఓడను లాగు పడవల కూలి, సరకు దింపు కూలి ఇవన్నియు ఎవరిత్తురు? నిన్నటివరకు నెల తిరిగిన పిమ్మట పుచ్చుకొనుచుండిన వర్తకులు నేడు నగదు ముందుంచుడనిరి. దివాలా తీసినవానికి అరువు పెట్టు అంగడి ఎక్కడను లేదు గదా.

సంస్థ కోర్టుకు పోకమునుపే సింగపూరున హన్‌జిన్ రోమ్ అను ఓడను ఒక జర్మను ఓడయజమాని తనకు రావలసిన అద్దెబాకీ క్రింద జప్తు చేయించెను. ఆ వార్త వినినది మొదలు తక్కిన ఓడల కప్తానులు రేవును చూచి భయపడసాగిరి. రేవు చేరిన జప్తు. చేరకున్న చమురును తిండియు తరుగుట. తుపానుకు వెఱచి రేవు చేరు ఓడలను మన మెరుగుదుము. రేవునకు వెఱచి నడినీట నిలిచిన ఓడలను లోకము అప్పుడే చూచినది.

కాలిఫోర్నియా తీరమున లాంగ్‌బీచి రేవు వెలుపల హన్‌జిన్ గ్రీస్ అను ఓడ దాదాపు పది దినములు కాచియుండెను. న్యూజెర్సీ రాష్ట్రమున న్యూఆర్క్ పట్టణపు దివాలా కోర్టు న్యాయాధిపతి జాన్ షెర్‌వుడ్ జప్తులనుండి రక్షణ యుత్తరువు లిచ్చి, సరకు దింపుటకు పైకము సమకూడిన పిమ్మట, సెప్టెంబరు 10వ తేదీన అది ధక్కాకు చేరెను. ఇందొక విచిత్రము కలదు. ఈ కంటెయినరు వర్తకమంతయు పుట్టినది ఆ న్యూఆర్క్ రేవుననే. 1956వ సంవత్సరము ఏప్రిలు 26వ తేదీన మాల్కం మెక్లీన్ అను లారీల యజమాని 58 పెట్టెలను ఒక పాత చమురు ఓడపై నెక్కించి అక్కడినుండియే హ్యూస్టనుకు పంపెను. అరువదేండ్లు నిండిన యేడుననే ఆ పెట్టెలు బయటపడుటకు మరల ఆ యూరి న్యాయాధిపతినే ప్రార్థింపవలసి వచ్చెను.

ఇక ఓడలమీది మనుష్యుల సంగతి. జపాను తీరమున నిలిచిపోయిన హన్‌జిన్ జెనీవా అను ఓడపై ఒక ఆంగ్ల కళాకారిణి యుండెను. సముద్రయానమును గూర్చి కళాసృష్టి చేయు తలంపుతో ఆమె వాంకూవరున ఓడ యెక్కి షాంఘైకి పోవలసియుండెను. ఆమెను గూర్చి ఐరోపా పత్రికలు విస్తారముగ వ్రాసినవి. తప్పు లేదు, వ్రాయదగిన విషయమే. కాని కొరియా, ఫిలిప్పీన్సు, ఇండొనీషియా దేశముల నావికులు వేనవేలు అదే గతిలో నుండి, మంచినీరు కొలుచుకొని త్రాగి, జీతము వచ్చునో రాదో, ఇల్లు చేరుదుమో లేదో తెలియక దినములు లెక్కించిరి. వీరిని గూర్చి అంత సిరా ఖర్చు కాలేదు. ఋణపత్రములలో వీరి సంతకము లేదు. ఓడలను హెచ్చు అద్దెకు మాటాడుకొన్నవారు వీరు కారు.

ఒక బట్టలకొట్టు దివాలా తీసిన దాని తలుపులు మూయుదురు, కొన్నవాడు వేఱొక కొట్టుకు పోవును. నౌకాసంస్థ దివాలా యట్టిది కాదు. ఈ భేదము తెలియకనే మన పండితులు ఒకటి కూలిన నొకటి లేచునని పలుకుచున్నారు. కంటెయినరు ఓడ యనగా నేమి? ఓడకు యజమాని యొకడు. దానిని అద్దెకు పుచ్చుకొని నడుపువాడు వేఱొకడు. హన్‌జిన్ ఓడలలో సగమునకు మించి అద్దె ఓడలే. ఓడపై వేలకొలది పెట్టె లుండును. పెట్టె యొకరిది, లోని సరకు మఱియొకరిది, ఒక్కొక్కప్పుడు ఒక పెట్టెలోనే పదిమంది వర్తకుల మూట లుండును. ఇంతటితో ముగియదు. కిరాయి వ్యాపారమున అయిదారు సంస్థలు జట్టుకట్టి ఒకరి ఓడలో నొకరు చోటు పంచుకొందురు. హన్‌జిన్ చేరియున్న జట్టులో చీనావారి కాస్కో, జపానువారి కె-లైన్, తైవానువారి యాంగ్‌మింగ్, ఎవర్‌గ్రీన్ కలవు. తైవాను కంపెనీకి కిరాయి చెల్లించి, రసీదు పుచ్చుకొని, నిశ్చింతగా నిద్రించిన వర్తకుడు, తన సరకు హన్‌జిన్ ఓడలో చిక్కియున్నదని తెల్లవారి తెలిసికొనెను. అతడు హన్‌జిన్‌తో బేరమే చేయలేదు!

సముద్రపు చట్టమున మఱియొక మెలిక యున్నది. నేలమీద అప్పు మనిషిది. నీటిమీద అప్పు ఓడది. చమురు పోసినవాడు, ధక్కా యిచ్చినవాడు, అద్దెకిచ్చినవాడు ఎవని కెంత బాకీ యున్నను ఓడనే పట్టి కట్టివేయవచ్చును. ఏ దేశపు రేవుననైనను ఆ దేశపు కోర్టు దాని కుత్తరు విచ్చును. ఓడ దేశదేశములు తిరుగునది, నేడున్న యప్పులవాడు రేపు కనబడడు, కావున ఈ యధికారము పూర్వులు కల్పించిరి. పూర్వులను తప్పుపట్టము. ఒక వర్తకుని ఓడ, వాని మిత్రుల సరకు, నూరు బస్తాలో వేయి బస్తాలో ఉన్న కాలమునకు అది సరిపోయెను. పదివేల పెట్టెల నెత్తుకొన్న ఓడకు అదే న్యాయమును వర్తింపజేసిన, బాకీపడనివాని సరకు బాకీదారుని తాకట్టు వస్తువగుచున్నది. జప్తు చేసినది ఓడను; చెరపడినది దానిలోని సరకు. కిరాయి ముందుగనే చెల్లించిన వర్తకుడు తన పెట్టె దింపించుకొనుటకు రేవువారికి మరల సొమ్ము కట్టవలసి వచ్చెను. ఒక బండికి రెండు మారులు కూలి యిచ్చి, పైగా బండివానిని బ్రతిమాలుకొనుట వంటిది.

సరకు దిగిన పిమ్మటనైన పీడ వదలెనా? లాస్‌ఏంజెలిస్, లాంగ్‌బీచి ప్రాంతముల లారీలవారు సరకు దించివైచి ఖాళీ పెట్టెలను తిరిగి యప్పగింపబోగా, హన్‌జిన్ పెట్టెలు మాకు వలదని ధక్కాలవారు త్రోసిపుచ్చిరి. పెట్టె దిగనిదే దాని క్రింది చక్రముల చట్రము ఖాళీ కాదు. చట్రము ఖాళీ కానిదే లారీవానికి మఱుసటి బాడుగ లేదు. సియోలున బ్యాంకులవారు కాదనిన మాట మహాసముద్రము దాటి కాలిఫోర్నియాలో ఒక లారీవాని పొయ్యిని ఆర్పినది.

శామ్‌సంగు వంటి మహాసంస్థ తనకు చెందిన 3 కోట్ల 80 లక్షల డాలర్ల సరకు ఓడలలో చిక్కినదని కోర్టులో మొఱపెట్టుకొని, గడువునకు సరకు చేర్చుటకు పదియారు విమానములను కుదుర్చుకొనవలసి వచ్చునేమోనని చెప్పెను. దానికి విమానములు కలవు, వకీళ్లు కలరు, కోర్టువారు దాని మాట వినిరి. క్రిస్మసు పండుగకు ముందు అమెరికా యంగళ్లు నింపుకొను కాల మది. ఒకే పెట్టెలో సంవత్సరపు పెట్టుబడి యంతయు నుంచిన చిన్న వర్తకుడు ఏ విమానము నెక్కగలడు? పండుగ దాటి చేరిన పండుగ సరకు నెవరు కొందురు?

ఈ యాపద యెట్లు కలిగెను? దోషము మొదట యజమానులది. ఆ మాట దాచము. హన్‌జిన్ వంశమునకు మూలపురుషుడు చో చూంగ్‌హూన్ 1945వ సంవత్సరమున ఇంచియోన్ పట్టణమున ఒక్క లారీతో వ్యాపార మారంభించి, 1977లో ఈ కంటెయినరు నౌకాసంస్థను నెలకొల్పెను. అతని కుమారుడు దీనిని నడుపుచు 2006లో మరణింపగా అతని భార్య, అనగా స్థాపకుని కోడలు, పగ్గములు చేపట్టెను. కిరాయిలు మిన్నంటియున్న దినములలో, అవి యెప్పుడును అట్లే యుండునని నమ్మి, దీర్ఘకాలపు గడువులతో హెచ్చు అద్దెలకు ఓడలను మాటాడుకొనిరి. 2008 నాటి ధనసంక్షోభముతో వర్తకము మందగించెను. అయినను లోకమందలి పెద్దసంస్థలు ఒకదానికంటె నొకటి పెద్ద ఓడలు కట్టించుట మానలేదు. మోయువారు పెరిగిరి, మోయు సరకు అంతగా పెరుగలేదు. 2016 వసంతమున షాంఘైనుండి ఐరోపాకు ఇరువదియడుగుల పెట్టె నొకదానిని చేర్చు కిరాయి సుమారు 200 డాలర్లకు దిగజారెను. చమురు ఖర్చునకైన చాలని కూలి యది. 2014లో బావ చో యాంగ్‌హో సంస్థను చేతికి తీసికొని తన విమానసంస్థ సొమ్మును కొంత పోసెను గాని, అప్పటికే పడవ అడుగున చిల్లి పెద్దదైయుండెను. 2016 నడుమకు అప్పు ఆరు లక్షల కోట్ల వాన్లు దాటెను. ఇట్టి యజమానుల కొఱకు ఒక్క కన్నీటి బొట్టైనను రాల్పవలెనని మేము చెప్పము.

కాని యజమానులను శిక్షింపవలెనన్న కోపమున దారినే మూసివేసిన పాలకుల నేమనవలెను? సంస్థ నిలుచుటకు లక్ష కోట్ల వాన్లు, అంతకు పైనను వలెనని బ్యాంకులవారు లెక్కవేసిరి. యజమాని వర్గమువారు సుమారు 50 వేల కోట్లు తెత్తుమనిరి. నడుమ నున్న సొమ్ము నెవరు భరింపవలెనన్నది తగవు. మీరు పెట్టుడని వారు, మీరే పెట్టుడని వీరు. ఇంతటి తగవున ఒక్క ప్రశ్న నెవరును వేసికొనినట్లు తోపదు: మనము తగవులాడు నీ క్షణమున సముద్రముపై నున్న పెట్టెలను ఎవరు దింపుదురు? వైద్యశాలను మూయదలచినవాడైనను మంచముమీది రోగులను వేఱొకచోటికి చేర్చి మూయును. కొరియా పాలకులు రోగులు మంచములమీద నుండగనే దీపము లార్పిరి.

పిమ్మట చేసినది మఱియు చోద్యము. ఓడలు నిలిచి, లోకమంతయు గగ్గోలెత్తిన తరువాత, సరకు దింపుటకు సొమ్ము వెదుకసాగిరి. చో యాంగ్‌హో తన సొంత ఆస్తినుండి 4 వేల కోట్ల వాన్లు, కోడలు వేయి కోట్ల వాన్లు ఇత్తుమనిరి. తక్కినది కూడదీయుటకు వారములు పట్టెను. దేశాధ్యక్షురాలు పార్క్ గ్యున్‌హే సెప్టెంబరు నడుమ మంత్రివర్గమున మాటాడుచు, సరకు రవాణా స్తంభించిన ప్రభుత్వమే చూచుకొనునని సంస్థవారు నిర్లక్ష్యముగా నుండిరని గద్దించెను. గద్దింపు న్యాయమే. అయితే సరకు రవాణా స్తంభించునని సంస్థవారికి తెలిసియుండగా ప్రభుత్వమువారి కేల తెలియలేదు? తెలిసియు ఊరకుండిరా? తెలియకున్నచో అజ్ఞానము, తెలిసినచో అపరాధము. రెంటిలో ఏది యెన్నుకొందురో వారిష్టము. 2017వ సంవత్సరము ఫిబ్రవరి 17వ తేదీన కోర్టు హన్‌జిన్ దివాలాను ఖాయపఱచెను. నలువదేండ్ల సంస్థ యంతమైనది. ఆ దేశపు కంటెయినరు మోతశక్తి దాదాపు సగమునకు పడిపోయెను.

ఆ ప్రభుత్వమే, మఱియొక యధ్యక్షుని కాలమున, 2018లో నౌకాపరిశ్రమను పునరుద్ధరింతుమని ప్రణాళిక వేసి, బూసాను పట్టణమున ప్రత్యేకముగా నొక సముద్రవాణిజ్య సంస్థను స్థాపించి, మిగిలిన హ్యుండయి మర్చంటు మెరైన్ అను నౌకాసంస్థకు సొమ్ము గుమ్మరించి, ఇరువది మహానౌకలను కట్టింపసాగెను. వెలకట్టి కొనదగిన వస్తువును ముందు చెత్తకుండీలో వేసి, పిమ్మట క్రొత్తదానికై బజారున తిరుగుట ఇదియే. 2021వ సంవత్సరమున ఆ హ్యుండయి సంస్థ వ్యాపారలాభము 7 లక్షల 37 వేల కోట్ల వాన్లు. హన్‌జిన్ మొత్తము అప్పు ఎంత? ఆరు లక్షల కోట్లు చిల్లర. మహమ్మారి వచ్చి కిరాయిలు ఆకాశమున కెక్కునని 2016లో ఎవరికిని తెలియదు, నిజమే. ఆ లాభమును ముందుగా లెక్కించి యుండవలసినదని మేము వాదింపము. కిరాయిలు పడునవి లేచునవి యన్నది మాత్రము సముద్రవర్తకమున చిన్నపిల్లలకును తెలిసిన విషయము. పడినప్పటి లెక్కనే శాశ్వతమైన లెక్కగా నెంచి ఉరితీర్పు వ్రాసిన బ్యాంకు గుమాస్తాలు, లేచినప్పటి లెక్కనే శాశ్వతమని నమ్మి అద్దెపత్రములు వ్రాసిన యజమానులకంటె ఎట్లు తెలివైనవారు?

ఇక మన పండితుల ప్రధానవాదమునకు వత్తము. మూడు మాసములలో సరకులో విశేషభాగము దిగలేదా, కొన్ని వారములలోనే డెన్మార్కువారి మెర్స్కు సంస్థయు ఎమ్.ఎస్.సి. సంస్థయు ఆ దారిలో క్రొత్తయోడలు నడుపలేదా, బజారు తన గాయమును తానే మాన్పుకొనలేదా యందురు. మాన్పుకొన్న దెవరు, మ్రింగిన దెవరు? దివాలా నాటి వారమునందే ఆసియానుండి అమెరికా పడమటితీరమునకు నలువదియడుగుల పెట్టె కిరాయి 1,100 డాలర్ల ప్రాంతమునుండి 1,700 డాలర్ల ప్రాంతమున కెగసెను. లాంగ్‌బీచిలో హన్‌జిన్‌కు గల ధక్కాల భాగము ఎమ్.ఎస్.సి. వారి చేత పడెను. అమెరికా దారి వ్యాపారమును కొరియాలోనే యొక చిన్నవర్గము కొనెను. ఆ కాలముననే జపానువారి మూడు సంస్థలు తమ కంటెయినరు వ్యాపారమును ఒకటిగా కలుపుకొనుటకు నిశ్చయించి 2018 నుండి ఒకే పేరుతో ఓడలు నడుపసాగినవి. సింగపూరువారి సంస్థను ఫ్రెంచివారు, జర్మనుల హాంబుర్గు స్యూడ్ సంస్థను మెర్స్కువారు కొనిరి. గాయము మానినమాట నిజమే; మానిన చోట వ్రేళ్లు కొన్ని తక్కువైనవి. 2021లో సరకు వర్తకులు పెట్టె నొకదానికి పదివేల డాలర్ల కిరాయి వినినప్పుడు, బేరమాడుటకు వారికి మిగిలిన గుమ్మములు ఎన్ని? ఆ కిరాయికి హన్‌జిన్ పతనమే కారణమని మే మనము, కారణము మహమ్మారి. కాని గుమ్మములు తగ్గినప్పుడు బిచ్చగానికి నోరు తగ్గునని యెవరికి తెలియదు?

ఈ కథ కొరియావారిది, మనకేమి యందురేమో. మన యెగుమతిదారులలోను హన్‌జిన్ ఓడలలో సరకు వేసినవారు కలరు. అది యటుండనిండు. మన విదేశవాణిజ్యము, తూకమునుబట్టి లెక్కించిన, నూటికి 95 పాళ్లు సముద్రముమీదనే జరుగుచున్నది. 1980ల చివర నందులో సుమారు 40 పాళ్లు మన ఓడలే మోయుచుండెను. ఆ భాగము తరువాతి యేండ్లలో పది పాళ్లకు లోబడినది. కంటెయినరుల మాటయైతే చెప్పనే యక్కఱలేదు. నెల్లూరు తీరమునను కృష్ణా గోదావరి మండలములందును చెరువు త్రవ్వి రొయ్యలు పెంచు రైతు సరకు, మంచుపెట్టెలలో పరదేశపు ఓడల నెక్కి అమెరికాకు పోవుచున్నది. మంచుపెట్టె ఓడయొక్క విద్యుత్తుపై బ్రతుకును. ఓడ చమురు తరిగిన మంచు కరుగును. హన్‌జిన్ వంటి దుర్దిన మింకొకటి వచ్చి ఆ పెట్టెలు పసిఫికున నిలిచినచో, భీమవరపు రైతు ఏ దేశపు న్యాయాధిపతి పాదములు పట్టుకొనవలెను?

ఓడలు లేనివాని గతి మన మెరుగనిది కాదు. 1906లో తూత్తుకుడిలో చిదంబరం పిళ్ల స్వదేశీ ఆవిరియోడల సంస్థను స్థాపింపగా, ఆంగ్లేయుల కంపెనీవారు రూపాయికే ప్రయాణమని, పిమ్మట ఉచితమని, పైగా గొడుగు కూడ నిత్తుమని జనమును లాగిరి. పిళ్లను చెఱలో పెట్టిరి. సంస్థ కూలినది, గొడుగులును ఆగినవి. 1919 ఏప్రిలు 5వ తేదీన బొంబాయినుండి లండనుకు తొలిప్రయాణము చేసిన లాయల్టీ అను ఓడ సింధియా సంస్థది. ఆ సింధియావారే 1941లో విశాఖపట్టణమున బాబూ రాజేంద్రప్రసాదు చేత శంకుస్థాపన చేయించి ఓడలకార్ఖానా కట్టిరి. 1948లో జలఉష అక్కడ నీట దిగెను. విశాఖలో సింధియా యను పేట నేటికిని కలదు. బస్సువాడు ఆ పేరు దినమున కెన్నియో మారులు పిలుచును. ఎందుల కా పేరు వచ్చెనో దిగువారిలో నెంతమంది కెరుక?

అయితే సొంతజెండా కట్టిన చాలునని మేము చెప్పుట లేదు. ఈ మాట మన మిత్రులకు కొందఱికి రుచింపకపోవచ్చును. హన్‌జిన్ కొరియావారికి సొంతసంస్థయే గదా! దాని ఓడలలో ననేకములు పనామా జెండాతో తిరిగెను. సంస్థ స్వదేశము, జెండా విదేశము, ఓడ అద్దెది, అప్పు ప్రభుత్వపు బ్యాంకుది, చెర మాత్రము నావికునిది, వర్తకునిది. జవాబుదారి లేని స్వదేశి పేరుకు స్వదేశి. 2025 ఫిబ్రవరి బడ్జెటులో మన ప్రభుత్వమువారు 25,000 కోట్ల రూపాయలతో నౌకాభివృద్ధినిధిని ప్రకటించిరి. సంతోషమే. ఆ సొమ్ముతో ఓడలు కొనువాడు కిరాయిలు లేచియున్న యేడు అద్దెపత్రములు వ్రాయడని, పడిన యేడు చేతులెత్తడని పూచీ యేది?

చట్టముల సంగతి యింకను విడ్డూరము. 2017లో మన పార్లమెంటు ఓడల జప్తును గూర్చి క్రొత్తచట్టము చేసినది. హన్‌జిన్ ఓడలు నిలిచిన మఱుసటి యేడే చేసిన చట్ట మది! అందు ఓడపై బాధ్యతలకు వరుస నేర్పఱచి నావికుల జీతములను మొదట నిలిపిరి. ఆ మేలు మెచ్చదగినది. ప్రాణనష్టము, ఆపదనుండి కాపాడినవారి కూలి, రేవుల బాకీలు వరుసగా వచ్చినవి. చివర, ఓడవలన కలిగిన నష్టమును చెప్పుచు, ఓడలోని సరకునకును కంటెయినరులకును కలిగిన నష్టము తప్ప యని వ్రాసిరి. సరకువాడు దావా వేయవచ్చును, వరుసలో మాత్రము చోటు లేదు. పరదేశమున దివాలా తీసిన సంస్థకు ఇతరదేశపు కోర్టులు ఒక్కుమ్మడిగా రక్షణ నిచ్చుటకు ఐక్యరాజ్యసమితివారు నమూనా చట్టము నొకదానిని సిద్ధపఱచియుండిరి. అమెరికా దానిని స్వీకరించినది గనుకనే న్యూఆర్క్‌లో ఓడలకు త్రోవ దొరకెను. చీనా స్వీకరింపలేదు. 2016 నాటికి మనమును స్వీకరింపలేదు.

మేము కోరునది పెద్దపని కాదు. మన రేవులకు ఓడలు పంపు ప్రతి కంటెయినరు సంస్థయు, తాను కూలినచో ఓడలలోని సరకును దింపి యజమానుల కప్పగించుటకు చాలినంత సొమ్మును ముందుగా పూచీ కట్టవలెను. పరదేశపు సంస్థ కైనను, స్వదేశపు సంస్థ కైనను ఇదే నియమము. ఓడను జప్తు చేయగోరువాడు సరకు దిగిన పిమ్మట జప్తు చేయవలెను, దిగకమునుపు కాదు. సినిమాశాల కట్టినవానిని మంటలార్పు సరంజామా ఉన్నదా యని యడిగిగాని సెలవీయని ప్రభుత్వము, వేలకొలది పెట్టెలు మోయువానిని ఇంతమాత్ర మడుగలేదా? కిరాయి కొంచెము పెరుగునని నౌకాసంస్థలవా రందురు. పెరుగనిండు. పెట్టెకు కొన్ని రూపాయలు నేడు చెల్లించుటయో, పెట్టెనే ఒకనాడు చెల్లించుటయో వర్తకసంఘములవారినే యడిగి చూడుడు. విశాఖ, కాకినాడ, కృష్ణపట్టణపు ఎగుమతిదారులు ఈ విషయమున తమ యభిప్రాయములను వ్రాసి పంపినచో ఈ పుటలలో ప్రకటింతుము. ఢిల్లీ నౌకామంత్రిత్వశాఖవారి యుత్తర మేదైన వచ్చినచో దానిని కూడ పాఠకుల ముం దుంచెదము.